చలాన్ కట్టేశాం, లైసెన్సు మాత్రం రాలేదు

కారు నా పేరు మీద ఉంది, తోలేది మా బామ్మర్ది. ఎల్లో బోర్డు బండి. తిరుపతికి వచ్చే యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి, అరుణాచలం, వెల్లూరు గోల్డెన్ టెంపుల్ తిప్పడం, రేణిగుంట ఎయిర్‌పోర్టుకు పికప్, డ్రాప్, ఇవే మా బాడుగలు. సి బుక్కుకు లింకైంది నా ఫోన్ నంబరు కాబట్టి ఏ చలాన్ పడినా మెసేజ్ ముందు నాకే వస్తుంది. ఆ రోజు సాయంత్రం వచ్చినప్పుడు కూడా బస్టాండు దగ్గర ఎక్కడో రాంగ్ పార్కింగ్ పడుంటుందిలే అనుకుని లింకు తెరిచాను. సెక్షన్ 184 అని ఉంది. పక్కనే, డ్రైవింగ్‌లో సెల్‌ఫోన్ వాడకం.

దాని కింద ఫోటో. ముందు అద్దంలోంచి తీసింది. మావాడి కుడిచెయ్యి స్టీరింగ్ మీద ఉంది. ఎడమచేతిలో ఫోన్, దాన్ని స్టీరింగ్‌కే ఆనించి పట్టుకున్నాడు. బొటనవేలు స్క్రీన్ మీద, తల కిందికి. డ్యాష్‌బోర్డు మీద స్వామి పటానికి పొద్దున మా ఆవిడ చుట్టిన మల్లెపూల మూర వాడిపోయి వేలాడుతోంది. వెనక సీట్లో ఒక పెద్దావిడ అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది. ఆ ఫోటోను పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. ఎట్లా చూసినా వాదించడానికి ఏమీ కనపడలేదు.

రాత్రి ఇంటికి వచ్చాక మావాడు జరిగింది చెప్పాడు. విజయనగరం నుంచి వచ్చిన ముసలి దంపతులను కాణిపాకం తీసుకెళ్ళి వస్తున్నాడు. చంద్రగిరి దాటి పేరూరు దగ్గరికి వచ్చేసరికి బండ్లు మెల్లగా కదులుతున్నాయి. అప్పుడే ఒక లాడ్జి రిసెప్షన్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్, 'రేపు తెల్లారి 5కి ఎయిర్‌పోర్ట్, ఓకేనా' అని. వెంటనే జవాబు రాకపోతే వాళ్ళు ఇంకో బండికి చెప్పేస్తారు. వీడు 'ఓకే అన్నా' అని కొడుతున్నాడు. ముందు చెకింగ్ జరుగుతోందని తల ఎత్తేదాకా తెలియలేదు.

"కాల్ మాట్లాడలేదు సార్, మెసేజే" అన్నాడట ఎస్సైతో.

"మెసేజైతే ఇంకా మంచిదా? మాట్లాడేవాడు రోడ్డన్నా చూస్తాడు" అన్నాడట ఆయన.

చెవి దగ్గర ఫోన్ పెట్టుకుంటేనే నేరం, ఒళ్ళో పెట్టుకుని టైప్ చేస్తే ఎవరికీ కనపడదు, కనపడినా లెక్కలోకి రాదు అని మన దగ్గర చాలామంది అనుకుంటారు. చట్టంలో మాట్లాడటానికీ టైప్ చేయడానికీ తేడా పెట్టలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో సెక్షన్ 184 కింద ఒక వివరణ చేర్చారు. రెడ్ సిగ్నల్ దాటడం, స్టాప్ గుర్తు దగ్గర ఆగకపోవడం, రాంగ్ రూట్‌లో రావడం వంటి వాటితో పాటు డ్రైవింగ్ చేస్తూ చేత్తో పట్టుకునే కమ్యూనికేషన్ పరికరం వాడటం కూడా అందులో ఉంది. వాడటం అన్నారు, అంతే. కాలా, మెసేజా, రీల్సా అని అడగదు.

మా వీధిలో ఒక ఆటో ఆయన, "మ్యాప్ చూస్తా ఉండా అని చెప్పుండాల్సింది గదరా" అని మావాడికి ఆలస్యంగా సలహా ఇచ్చాడు. ఆయన మాటలో సగం నిజం ఉంది. 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే వాడుకోవచ్చు, అదీ డ్రైవరు ధ్యాస చెదరకుండా. స్టాండులో పెట్టిన ఫోన్‌లో మ్యాప్ నడుస్తుంటే ఒక లెక్క. బొటనవేలు స్క్రీన్ మీద పెట్టి ఫోటోలో పడ్డవాడు మ్యాప్ అంటే ఎవరు నమ్ముతారు? పైగా పేరూరు నుంచి తిరుపతికి దారి తెలియని డ్రైవరని చెప్పుకోవడం కూడా నామోషీనే.

ఎస్సై లైసెన్సు తీసుకుని ఒక రసీదు ఇచ్చాడు. మేమందరం మొదట తప్పుగా అర్థం చేసుకున్నది ఆ కాగితాన్నే. బళ్ళ కాగితాలు పట్టుకుని రసీదు ఇవ్వడం పాత పద్ధతే, ఆ రసీదు చూపించి బండి తోలుకోవడమూ పాత పద్ధతే. అందుకే తెల్లారి అయిదు గంటల ఎయిర్‌పోర్టు బాడుగకు మావాడు తాళాలు తీసుకున్నాడు. "స్లిప్ ఉండాది గద బావా" అన్నాడు. నాకూ అదే నిజమనిపించింది గానీ, ఎందుకైనా మంచిదని ఆ ట్రిప్పు వేరే బండికి ఇచ్చేయమన్నాను. కోర్టు పనులు చూసే మా ఊరి లాయరు ఒకాయన ఉన్నారు, పొద్దున్నే ఆయన దగ్గరికి పోయాం.

ఆయన ఆ రసీదు చూడగానే, "ఇది 206లో ఏ సబ్‌సెక్షనో చూశారా?" అని అడిగారు. మేం చలాన్ మీద అంకె తప్ప ఏమీ చూడలేదు. అప్పుడు విడమరిచి చెప్పారు. సెక్షన్ 206లో రెండు రకాల స్వాధీనాలు ఉన్నాయి. మామూలు సందర్భాల్లో లైసెన్సు తీసుకుని రసీదు ఇస్తే, అందులో రాసిన గడువు దాకా ఆ రసీదుతో బండి తోలొచ్చు. 2019లో కొత్తగా చేర్చిన నాలుగో సబ్‌సెక్షన్ కింద తీసుకుంటే కథ వేరు. అతివేగం, ప్రమాదకరమైన డ్రైవింగ్, తాగి తోలడం, హెల్మెట్ లేకపోవడం వంటి కొన్ని నేరాలకు పోలీసు లైసెన్సు తీసుకుని నేరుగా ఆర్టీవోకు పంపిస్తాడు. దానికీ రసీదు ఇస్తారు. కానీ లైసెన్సు తిరిగి చేతికి వచ్చేదాకా ఆ రసీదుతో బండి తోలకూడదని అదే సబ్‌సెక్షన్‌లో రాసి ఉంది. మావాడిది ఆ రకం. అంటే పేరూరులో రసీదు చేతిలో పడ్డ నిమిషం నుంచే వాడు డ్రైవరు కాదు. ఆ రాత్రి మరి ఆ ముసలి దంపతులను లాడ్జికి చేర్చింది ఎవరు అని మా ఆవిడ అడిగింది. నేను వినపడనట్టు ఊరుకున్నాను.

ఇక జరిమానా. లాయరు ఫోన్‌లో చట్టం తెరిచి చూపించినప్పుడు మా ఆవిడ మొహం పాలిపోయింది. మొదటిసారి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్ళ లోపల రెండోసారి దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా పది వేలు, లేదా రెండూ. 2019కి ముందు మొదటిసారికి గరిష్ఠం ఆరు నెలలు, వెయ్యి రూపాయలే.

"తమ్ముడిని జైల్లో పెడతారా అన్నా?" అని అడిగింది ఆయన్ని.

ఆయన నవ్వి, సెక్షన్ 200 చూపించారు. కొన్ని నేరాలను కోర్టుకు పోకుండా రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించిన రుసుము కట్టి రాజీ చేసుకునే వీలు ఆ సెక్షన్‌లో ఉంది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 184 కింద ఉన్న ప్రమాదకరమైన డ్రైవింగ్ మొత్తానికీ ఈ రాజీ లేదు. చేతిలో ఫోన్ వాడిన దానికి మాత్రమే ఉంది. ఫోన్ వాడేవాళ్ళందరినీ కోర్టుకు పంపితే కోర్టులో నిలబడే చోటు ఉండదని అనుకున్నారేమో.

మావాడు అక్కడే కూర్చుని ఫోన్‌లో చలాన్ కట్టేశాడు. కట్టిన డబ్బు ఒక వెల్లూరు ట్రిప్పు బాడుగకు కూడా రాదు. "పీడా విరగడైంది" అంది మా ఆవిడ. లాయరు మళ్ళీ అదే సెక్షన్ కిందికి వేలు జరిపారు. రాజీ చేసుకుంటే ఆ నేరానికి ఇంకే కేసూ ఉండదు, నిజమే. కానీ రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, డబ్బు కట్టేసినా అది మొదటి నేరంగానే లెక్క. తర్వాత మళ్ళీ దొరికితే రెండోసారి కిందికే వస్తుంది. రెండోది, డబ్బు కట్టినంత మాత్రాన 206(4) కింద లైసెన్సు మీద మొదలైన చర్య ఆగదు, రిఫ్రెషర్ ట్రైనింగ్ కూడా తప్పదు.

నాకు ఇందులో బాగా పనికొచ్చిన సమాచారం ఇదే. చలాన్ కట్టి రసీదు దాచుకుంటే అయిపోయిందనుకునే వాళ్ళు మా ఫీల్డులో నూటికి తొంభై మంది. జరిమానా ఒక దారి, లైసెన్సు ఇంకో దారి. మొదటిది ఫోన్‌లో ఐదు నిమిషాల పని. అసలు బాధ రెండోదాంట్లో ఉంది.

ఆర్టీవో నుంచి నోటీసు వస్తుందని ఎదురుచూస్తూ ఉన్నాం. రాదు. ఈలోగా బండి ఖాళీగా నిలబడితే నెల కంతు ఎక్కడినుంచి తేవాలి? రోజు లెక్కన బదులు తోలే యాక్టింగ్ డ్రైవర్ని పెట్టుకున్నాం. బత్తా, భోజనం, రాత్రి పడితే ఇంకొంచెం. బాడుగలో మిగిలేది డీజిల్ వాసన మాత్రమే. మావాడు ఇంట్లో కూర్చుని బండి కడుగుతాడు, టైర్లలో గాలి చూస్తాడు, యాక్టింగ్ డ్రైవరు రివర్స్ తీసేటప్పుడు పళ్ళు నూరుతాడు.

ఒకరోజు మా అత్త పాకాల నుంచి ఫోన్ చేసింది. "అల్లుడూ, ఏందో గవర్నమెంటు కాయితం వచ్చుండాది. నాలుగు దినాలై టీవీ మింద పెట్నా. పిల్లోడి పేరుండాది." లైసెన్సులో మావాడి చిరునామా ఇంకా పాకాలదే. నోటీసు పోయింది అక్కడికి. విచారణ తేదీకి ఇంకా టైం ఉంది కాబట్టి సరిపోయింది. అందుకే చెబుతున్నాను, లైసెన్సులో చిరునామా, ఫోన్ నంబరు పాతవే ఉంటే ముందు అవి మార్పించుకోండి. హాజరు కాకపోతే మన మాట వినకుండానే ఆర్డరు పడిపోతుంది.

విచారణ అంటే నేను ఏదో కోర్టు బోను ఊహించుకున్నాను. అది ఆర్టీవో ఆఫీసులో ఒక గది ముందు బెంచీ. ఎఫ్‌సీకి, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు వచ్చిన లారీ ఓనర్లు, ఎల్లెల్లార్ (లెర్నర్ లైసెన్సు) పిల్లలు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కోసం కాచుకున్న ఆటోవాళ్ళు, వాళ్ళ మధ్యలో మేం. మాలాగే లైసెన్సు పోగొట్టుకున్న ఒక కుర్రాడు పక్కన కూర్చుని, "కేరళలో హైకోర్టు కొట్టేసిందంట అన్నా, ఫోన్ మాట్లాడితే కేసు లేదంట" అన్నాడు. దాన్ని కూడా లాయరు ముందే చెప్పి ఉన్నారు. 2018లో కేరళ హైకోర్టు అలాంటి తీర్పు ఇచ్చిన మాట నిజమే. అది కేరళ పోలీసు చట్టంలోని ఒక సెక్షన్ గురించి. ప్రజలకు ప్రమాదం కలగకుండా ఊరికే ఫోన్ మాట్లాడటం ఆ సెక్షన్ కిందికి రాదన్నారు. ఆ తర్వాత ఏడాదే కేంద్ర చట్టంలో ఫోన్ వాడకాన్ని నేరుగా పేరు పెట్టి రాసేశారు. కుర్రాడికి చెబితే నమ్మలేదు. వాట్సాప్‌లో వచ్చిందంట. 2023లో ఇదే వాట్సాప్‌లో, ఇయర్‌ఫోన్ పెట్టుకుని బండి తోలితే ఇరవై వేలు ఫైన్ అని కూడా తిరిగింది. అది అబద్ధమని రవాణా శాఖే చెప్పాల్సి వచ్చింది. ఇరవై వేలన్నప్పుడు భయపడి నమ్మారు, కొట్టేశారన్నప్పుడు సంతోషపడి నమ్మారు.

లోపల సార్ ముందు ఫైలు, దానికి పిన్ను కొట్టిన మావాడి లైసెన్సు, ఆ ఫోటో రంగుల్లో ప్రింటు తీసింది. ముందు ఫోటో వైపు చూశారు, తర్వాత మావాడి వైపు.

"వెనక సీట్లో ఆవిడ ఎవరు?"

"పార్టీ సార్. కాణిపాకం పోయి వస్తా ఉన్నాం."

"ఆవిడ నిన్ను నమ్మి నిద్రపోతోంది కదా?"

మావాడు తల దించుకున్నాడు. కాసేపాగి ఇంట్లో పరిస్థితి చెప్పాడు. అప్పు, పిల్లల ఫీజులు, డ్రైవింగ్ తప్ప ఇంకో పని రాదని. నేనూ కలగజేసుకుని, "సార్, మొదటిసారి. నెల రోజులకు తగ్గించండి" అన్నాను.

"తగ్గించే అధికారం నాకు లేదండీ" అన్నారాయన. కోపంగా కాదు, రోజూ చెప్పే మాట చెప్పినట్టే చెప్పారు. సెక్షన్ 19లో 1ఏ అని ఒకటి ఉంది. పోలీసులు 206(4) కింద పంపిన లైసెన్సు విషయంలో ఆర్టీవో ముందు డ్రైవరు మాట వినాలి. విన్నాక ఆయన ముందు రెండే దారులు. కారణం సరిపోకపోతే వదిలేయడం, లేదా మొదటి నేరానికి మూడు నెలలు లైసెన్సు నిలిపేయడం. నెల, నెలన్నర అనే బేరం లేదు. రెండోసారి అయితే నిలుపుదల కాదు, రద్దే. "ఈ ఫోటో చూసి నేను వదిలేస్తే రేపు నన్ను అడుగుతారు" అన్నారు.

ఈ మూడు నెలల లెక్క 2019లో కొత్తగా పుట్టింది కాదు. కోయంబత్తూరుకు చెందిన ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ రోడ్డు ప్రమాదాల మీద సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆ కేసులో 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన కమిటీ వేశారు. అతివేగం, రెడ్ సిగ్నల్ దాటడం, ఓవర్‌లోడ్, తాగి తోలడం, ఫోన్ వాడటం, వీటికి కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయమని ఆ కమిటీ 2015 ఆగస్టులోనే రాష్ట్రాలకు చెప్పింది. రోజూ విరిగిన కాళ్ళూ చేతులూ చూసే డాక్టరు కోర్టుకు పోయాడంటే ఆయన విసిగిపోయే పోయుంటాడు. ఆ సంగతి తెలిశాక నాకు ఆ మూడు నెలల మీద కోపం కొంచెం తగ్గింది.

కొంచెమే తగ్గింది. ఎందుకంటే ఒక బ్యాంకు ఉద్యోగి లైసెన్సు మూడు నెలలు పోతే అతను బస్సులోనో భార్య స్కూటీ వెనకో ఆఫీసుకు పోతాడు, జీతం ఆగదు. డ్రైవరుకు అదే మూడు నెలలు కూలి లేని మూడు నెలలు. పేరుకు శిక్ష ఒకటే. యాత్రికులను ఎక్కించుకున్న డ్రైవరు బాధ్యత ఎక్కువ కాబట్టి శిక్ష ఎక్కువ తగిలినా తప్పులేదని లాయరు వాదన. ఆయన మాట కొట్టిపారేయలేను, ఒప్పుకోనూ లేను.

ఆర్డరు చేతికి వచ్చాక ముప్పై రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. మేం చేయలేదు. ఫోటో అంత స్పష్టంగా ఉన్నప్పుడు అప్పీలులో చెప్పేదేముంది? అప్పీలు తేలేలోగా మూడు నెలలు ఎటూ గడిచిపోతాయి. ఫోన్ స్టాండులో మ్యాప్‌తో ఉండగా పట్టుకున్నారనో, తోలుతున్నది తను కాదనో ఆధారం ఉన్నవాళ్ళు తప్పకుండా పోవాలి. అంతకంటే ముందు, ఆ ఆధారం విచారణలోనే చూపించాలి.

మూడు నెలల్లో ఇబ్బంది పెట్టింది డబ్బు కంటే మావాడి చేతుల దురద. యాక్టింగ్ డ్రైవరు రాని పూట, "రాత్రి పూట ఎవురు చూస్తారు బావా? శ్రీకాళహస్తి ఎంత దూరం?" అని మొదలుపెట్టేవాడు. లైసెన్సు కార్డు ఆర్టీవో దగ్గరే ఉన్నా, ఫోన్‌లో డిజీలాకర్ కాపీ చూపించొచ్చని వాడి ధైర్యం. అక్కడే దెబ్బ. లైసెన్సు నిలిపేశారని ఆన్‌లైన్ రికార్డులో ఎక్కుతుంది. మెషిన్‌లో నంబరు కొట్టగానే బయటపడుతుంది. నిలిపేసిన లైసెన్సుతో బండి తోలితే సెక్షన్ 182 కింద మూడు నెలల దాకా జైలు, లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. అది తోలినవాడికి. తెలిసి బండి ఇచ్చిన ఓనరుకు 180 కింద మూడు నెలల దాకా జైలు, లేదా ఐదు వేలు, లేదా రెండూ. అంటే నాకు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇన్సూరెన్సు. లైసెన్సు నిలిపేసిన మనిషి తోలుతుండగా ప్రమాదం జరిగితే, మా బాధ్యత కాదని చెప్పుకునే హక్కు ఇన్సూరెన్సు కంపెనీకి చట్టంలోనే ఉంది. అప్పుడు పరిహారం భారం తిరిగి తిరిగి బండి ఓనరు నెత్తినే పడుతుంది. కారు అమ్మినా ఆ డబ్బు రాదు, ఇల్లు అమ్మాలి. ఆ మాట చెప్పి బండి తాళాలు మా ఆవిడ బీరువాలో పెట్టించాను. తమ్ముడికి నేను లేదని చెబితే అలుగుతాడు, అక్క చెబితే అలగడు.

నిలుపుదల గడువు ముగిసినంత మాత్రాన లైసెన్సు ఇంటికి నడిచి రాదు. రిఫ్రెషర్ ట్రైనింగ్ పూర్తి చేస్తేనే తిరిగి ఇవ్వాలని సెక్షన్ 19లోనే ఉంది. పెళ్ళికి ముందు నుంచి స్టీరింగ్ పట్టినవాడు వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో, క్లచ్చు ఏది బ్రేకు ఏది అని అడిగే పిల్లల పక్కన కూర్చున్నాడు. మొదటి రోజు చాలా నామోషీగా ఇంటికి వచ్చాడు. "ఒక పిల్ల నన్ను అంకుల్, మీరూ నేర్చుకోడానికి వచ్చినారా అని అడిగింది బావా."

అక్కడ చెప్పిన చాలా విషయాలు వీడికి తెలిసినవే, నిద్రలో అడిగినా చెబుతాడు. ఒక్క లెక్క మాత్రం వాడికి తగిలింది. అరవై స్పీడులో బండి సెకనుకు దాదాపు పదిహేడు మీటర్లు పోతుంది. మెసేజ్ చదివి రెండు ముక్కలు కొట్టడానికి ఐదు సెకన్లు పట్టిందనుకుంటే ఎనభై మూడు మీటర్లు. ట్రైనరు దాన్ని బోర్డు మీద రాసి ఊరుకోలేదు. అందర్నీ బయటికి తీసుకొచ్చి స్కూలు గేటు నుంచి రోడ్డు వెంబడి అడుగులు లెక్కపెడుతూ నడిపించాడు. మావాడు నడుస్తూ ఒక టీ కొట్టు, ఒక పంక్చర్ షాపు, ఒక బడి గేటు దాటాడు. ఇంకా నడవమన్నారు. "నేనా పొద్దు మెల్లగా పోతా ఉన్నా గదా, అరవై లేదు" అని ఇంటికి వచ్చి నాతో వాదించాడు. నిజమే, మెల్లగానే పోతున్నాడు. కానీ అంతకుముందు పూతలపట్టు రోడ్డులో ఎన్ని మెసేజ్‌లకు జవాబిచ్చాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. పని పడి ఫోన్ చేస్తే ఎత్తకపోయినా, మెసేజ్ పెడితే నిమిషంలో నీలం టిక్కులు పడేవి.

అదే క్లాసులో కొత్త నేర చట్టం గురించి కూడా చెప్పారట. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే సెక్షన్ 106 కింద ఐదేళ్ళ దాకా జైలు. పాత ఐపీసీలో 304ఏ కింద అది రెండేళ్ళే. చలాను ఫోటో లాంటిదొకటి అలాంటి కేసులో ఫైలుకు తోడైతే ఎట్లా ఉంటుందో మావాడు అడగలేదు, ట్రైనరే చెప్పాడు.

సర్టిఫికెట్ తీసుకుని ఆర్టీవో ఆఫీసుకు పోతే ఆ పని మాత్రం తొందరగానే అయింది. కార్డు ఇచ్చేశారు, ఆన్‌లైన్‌లో స్టేటస్ మారింది. ఇంటికి వచ్చాక మావాడు మొదట చేసిన పని ఆ స్టేటస్ తెరిచి వాళ్ళమ్మకు వీడియో కాల్‌లో చూపించడం. కూర్చుని చేశాడు, ఇంటి అరుగు మీద.

ఇప్పుడు బండిలో పద్ధతి మార్చాం. బాడుగల మెసేజ్‌లన్నీ నా నంబరుకే రావాలి, జవాబు నేనే ఇస్తాను. బయల్దేరే ముందే పార్టీకి లైవ్ లొకేషన్ పంపించి, ఫోన్‌ను స్టాండులో పెట్టి మ్యాప్ ఒక్కటే ఉంచుతాడు. మెసేజ్ శబ్దాలు కట్. అర్జెంటు ఉంటే టోల్ గేటు దాటాక పక్కకు ఆపి చూసుకోవాలి. కొండకు పోయే ట్రిప్పుల్లో దీనికి ఇబ్బందే లేదు. ఘాట్ రోడ్డులో ఎట్లాగూ టైం కట్టడి ఉంది, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందే చేరితే ఫైను. అందుకే చివర్లో చాలామంది డ్రైవర్లు పక్కన ఆపి కాలక్షేపం చేస్తారు. ఫోన్ చూసుకోవాలంటే ఆ ఆగిన టైం చాలు. కానీ నేను చూశాను, అక్కడ ఆగిన టైంలో బీడీ కాలుస్తారు, మెసేజ్‌లు మాత్రం మలుపుల్లో చూస్తారు.

యాక్టింగ్ డ్రైవర్లను పెట్టుకునేటప్పుడు కూడా ఇప్పుడు కార్డు చూసి ఊరుకోను. లైసెన్సు నంబరు ఆన్‌లైన్‌లో కొట్టి, నిలుపుదల ఏమైనా ఉందేమో చూశాకే తాళాలు ఇస్తాను. ఒకాయన దీనికి చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయాడు. పోనీ.

మావాడికి మూడేళ్ళ గడువు ఇంకా నడుస్తోంది. ఆ లోపల మళ్ళీ దొరికితే పది వేలు సంగతి అటుంచి, లైసెన్సే రద్దవుతుంది. వాడు ఆ తేదీని బండి డ్యాష్‌బోర్డులో, ఎఫ్‌సీ గడువు, ఇన్సూరెన్సు గడువు రాసిన చీటీ మీదే మూడో వరుసగా రాసుకున్నాడు.

ఆ లాడ్జి వాళ్ళు మాత్రం ఇప్పుడు మాకు చెప్పడం లేదు. నేను జవాబివ్వడానికి కాస్త ఆలస్యమవుతోందట. వాళ్ళు పిలిచే బండి ఇంకొకటి ఉంది, దాని డ్రైవరు వెంటనే రిప్లై ఇస్తాడు.